మోరీ కాడ ఒంటిగంటా ఇరవై

గార్లదిన్నె దాటి నాలుగు మైళ్లు పోతే రోడ్డు కొంచెం వంగుతాది. ఆ వంపులో ఒక మోరీ ఉండాది, చిన్న వంతెన. కింద వంక. ఆ వంకలో నీళ్లు పారడం నేనైతే చూడలేదు, మా నాయన రెండుసార్లు చూసినాడంట. దాన్ని తిమ్మమ్మ మోరీ అంటారు.

తిమ్మమ్మ ఎవరో ఎవరికీ సరిగ్గా తెలీదు. గొర్లు మేపుకునే మనిషని, ఒక కరువు సంవత్సరం ఆ మోరీ నీడలో కూర్చుని దాహానికి పోయిందని చెప్తారు. పోయే ముందు రోడ్డున పోయేవాళ్లను చెయ్యెత్తి నీళ్లడిగిందంట... ఒక్కరూ ఆగలేదంట. అప్పటినుంచి రాత్రి పదకొండు దాటితే మోరీ గోడ పక్కన తెల్లగా ఏదో కూర్చోని ఉంటాది. బండి లైటు పడితే చెయ్యెత్తుతాది.

ఆగినావా — మూడోనాటికి రక్తం కక్కుకుని పోతావు. అట్ల పోయినోళ్ల పేర్లు కూడా చెప్తారు, ఒక్కో ఊర్లో ఒక్కో పేరు.

అందుకని ఆ దారిన తిరిగేవాళ్లకు ఒక పద్ధతి ఉండాది. చెయ్యి లేస్తే ఆ పక్క చూడగూడదు. బండి ఆపగూడదు. లారీ డ్రైవర్లయితే కిటికీలోంచి ఒక నీళ్ల ప్యాకెట్ విసిరేసి పోతారు, ఆగకుండానే.

నా పేరు వెంకటరాముడు. అనంతపురంలో కంప్యూటర్ సామాన్ల అంగడి నాది. దెయ్యాలు లేవని పదిమందిలో వాదించే మనిషిని. అయినా నిజం చెప్తాండా... ఆ మోరీ కాడ నేను కూడా ఎన్నడూ బండి ఆపలేదు.

ఇప్పుడు చెప్పేదంతా నాకు ముబారక్ చెప్పినాడు. కొంత నేనే చూసినా.

ముబారక్‌ది బుక్కరాయసముద్రం. పెండ్లి వీడియోలు తీసి, ఎడిటింగ్ చేసి ఇస్తాడు. చెరువుకట్ట దిగినాక రేకుల కప్పు గది ఒకటి, అదే వాని స్టూడియో. మూడేండ్ల కింద నాకాడ కంప్యూటర్ కట్టించుకున్నాడు. పని తొందరగా తెగాలని దాని ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసుకున్నాడు.

ఓవర్‌క్లాక్ అంటే పెద్ద సంగతి ఏం లేదు. ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు లాంటిది. దాన్ని ఇంత వేగంతో నడపమని కంపెనీ వాళ్లు పెట్టి ఇస్తారు. మనం సెట్టింగుల్లోకి పోయి ఆ వేగం పెంచుకోవచ్చు. వేగం పెంచితే అది తట్టుకోవడానికి ఓల్టేజీ కూడా రవ్వంత ఎక్కువ ఇయ్యాల. ముబారక్ రెండూ పెంచినాడు. మూడేండ్లు ఆ మిషన్ గుర్రం మాదిరి పని చేసింది.

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం వాని స్టూడియోకు ఒక రైతు వచ్చినాడు. పేరు ఎర్రన్న. మోరీకి రెండు మైళ్ల అవతల పాపన్న కొట్టాల వాళ్ల ఊరు. చెనక్కాయ పండిస్తాడు, పండినప్పుడు. టవల్ కొసకు ముడేసుకున్న పెన్‌డ్రైవ్ విప్పి బల్ల మీద పెట్టినాడు.

ఎర్రన్న కొడుకు విష్ణువర్ధన్ సంగతి ముబారక్‌కు తెలుసు. చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఇరవై రెండేండ్ల పిల్లోడు, అనంతపురంలో బట్టలంగట్లో పని. పుష్యమాసంలో ఒకరాత్రి పని నుంచి ఇంటికి పోతా ఉంటే తిమ్మమ్మ మోరీ కాడ ఏదో లారీ తగిలించి పోయింది. తెల్లారి పాలవ్యాను వాళ్లు చూసేసరికి ప్రాణం లేదు. మోరీకి ఎదురుగా ఒక చింతపండు గోడౌను ఉండాది. దాని గేటు మీద కెమెరా. ఆ రాత్రి పడిన బొమ్మంతా ఆ పెన్‌డ్రైవ్‌లో ఉండాది. చూసినోళ్లందరూ చీకటి, బండ్ల లైట్లు తప్ప ఏం లేదన్నారంట.

"నీ మిషన్ చీకట్లో పడిన బొమ్మను తెల్లగా చేస్తాదంట గదప్పా" అన్నాడు ఎర్రన్న.

"కొంతవరకు చేస్తాదన్నా. లారీ నెంబరు పడుతుందో లేదో చెప్పలేను."

"నెంబరు వద్దులే." ఎర్రన్న గొంతు తగ్గించినాడు. "ఒంటిగంట దాటినాక... ఆడ ఏముండాదో చూడు. ఇంకెవరికీ చూపించొద్దప్పా."

ముబారక్ సరేనన్నాడు. అట్లాంటి పనికి ఒక్కో బొమ్మనూ విడదీసి, మచ్చలు తుడిచి, వెలుతురు పెంచి, మళ్లీ కుట్టాల. ఆరు గంటల వీడియోలో లక్షల బొమ్మలు. వాని మిషన్‌కు అది ఒకటిన్నర రోజు పని.

మొదలుపెట్టినాడు. రాత్రి పదకొండు గంటలప్పటి భాగం బాగానే అయింది. పన్నెండు అయింది. ఒంటిగంట దాటింది... స్క్రీన్ నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది.

మళ్లీ పెట్టినాడు. మళ్లీ అట్లే. ఎంతవరకు అయిందని చూస్తే ఫైల్ తెరుచుకోలేదు, ఆగిన కాడ టైము మాత్రం తెలిసింది — ఒంటిగంటా ఇరవై.

ముబారక్‌కు మిషన్ సంగతులు బాగా తెలుసు. పక్కలు విప్పినాడు. లోపల ఎర్రమట్టి దుమ్ము వేలిమందం పేరుకోని ఉండాది. అంతా ఊదినాడు. ప్రాసెసర్ మీద వేడిని లాగే పాత పేస్ట్ తుడిచి కొత్తది పూసినాడు. వేడి పది డిగ్రీలు దిగింది. మళ్లీ పెట్టినాడు.

ఒంటిగంటా ఇరవై. ఆగిపోయింది.

మెమరీ స్టిక్కులు ఒక్కొక్కటే తీసి పరీక్ష పెట్టినాడు. అన్నీ బాగున్నాయి. రైతుల మోటర్లకు కరెంటు వదిలినప్పుడు లైన్లో ఓల్టేజీ ఎగరడం దిగడం ఉంటాది, దాంతో ఆగుతాండాదేమోనని నాకాడికి వచ్చి కొత్త పవర్ సప్లై, యూపీఎస్ పట్టుకపోయినాడు. వాటితో కూడా అదే. కడాకు ప్రాసెసర్‌కు ఇచ్చే ఓల్టేజీ ఇంకొంచెం పెంచినాడు.

అప్పుడు నిలబడింది. రెండు దినాలు వేరే పనులు ఏమీ ఆగకుండా అయినాయి. ఇంక పర్వాలేదనుకోని ఎర్రన్న వీడియో పెట్టినాడు... ఒంటిగంటా ఇరవై కాడ ఆగిపోయింది.

మళ్లీ పెంచినాడు. ఈసారి ఒక దినం నిలబడింది. ఇంకొంచెం పెంచినాడు. మూడు గంటలు.

ఆ మధ్యలో వాళ్ల అమ్మ రంజాన్ బీ సంగతి కనుక్కుంది. కొడుకును ఏమీ అడగలేదు. కదిరి పక్క దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కంప్యూటర్ డబ్బాకు కట్టింది. "అది తన్ను చూడనీయదురా. ఆ పెద్దాయనది ఆయనకు ఇచ్చేసేయ్" అని మాత్రం చెప్పింది. ముబారక్ నవ్వలేకపోయినాడు.

ఎర్రన్న మాత్రం వారానికి రెండుసార్లు వస్తానే ఉన్నాడు. తన టీవీఎస్ బండి బయట వేపమాను కింద పెట్టి, లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. నీళ్లు ఇస్తే తాగుతాడు. అడగడు. స్క్రీన్ చూస్తా ఉంటాడు.

ఏప్రిల్ నెల. రేకుల కింద గది పెనం మాదిరి కాలుతాండాది. ఒక శుక్రవారం నమాజ్ చేసుకొని వచ్చి ముబారక్ ఐదోసారి ఓల్టేజీ పెంచినాడు. ఎర్రన్న స్టూలు మీద ఉన్నాడు. ముందరి భాగమంతా వదిలేసి, ఒంటిగంటా పదిహేను నుంచి పెట్టినాడు. బొమ్మలు ఒక్కొక్కటే తయారై స్క్రీన్ మీద పడతాండాయి. చీకటి రోడ్డు... మోరీ గోడ... చీకటి రోడ్డు...

దూరంగా ఒక లైటు వచ్చింది.

ఆ తర్వాత పడిన బొమ్మలో — గోడ పక్కన ఒక తెల్లని ఆకారం. గోడౌను ప్రహరీ అంత ఎత్తు. కాళ్లు లేవు. నడుము కింద ఏమీ లేదు, రోడ్డే కనపడతాండాది. మొగం ఉండాల్సిన కాడ రెండు నల్లని బొక్కలు... ఆ బొక్కలు కెమెరా పక్కే చూస్తాండాయి.

స్క్రీన్ నీలమైపోయింది.

గదిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వెనక నుంచి ఎర్రన్న గుసగుసగా అడిగినాడు.

"కనపడిందా ముబారక్... నీకు కూడా కనపడిందా?"

ముబారక్ తల ఊపి వెనక్కి తిరిగినాడు. "ఏడుస్తాండాడేమో అనుకున్నా అన్నా" అని నాతో చెప్పినాడు తర్వాత. "నవ్వుతాండాడు. అంత నెమ్మదైన మొగం నేను ఆయనకు ఎప్పుడూ చూడలేదు."

ఆ మాపటేళకే డబ్బా ఎత్తుకోని నా అంగడికి వచ్చినాడు ముబారక్. జ్వరం వచ్చినవాని మాదిరి ఉన్నాడు. అంతా చెప్పి, "దీన్ని నేను ఇంట్లో పెట్టుకోలేను రామన్నా" అన్నాడు.

నేను సెట్టింగులు తెరిచి చూసినా. ఓల్టేజీ అంకె చూసి నాకు తల తిరిగింది.

"ఎవరు చెప్పినారప్పా నీకు ఇంత పెంచమని?"

"పెంచితే నిలబడతాండె గదన్నా."

"నిలబడలేదు. చస్తాండాది."

వానికి అర్థమయ్యేట్లు చెప్పినా. ఎక్కువ వేగం, ఎక్కువ ఓల్టేజీ, పైన మన ఎండలు — మూడేండ్లలో ప్రాసెసర్ లోపల దారాలకంటే సన్నని తీగలు అరిగిపోతాయి. అరిగినదానికి నిన్నటి ఓల్టేజీ చాలదు. పెంచితే లేచి నిలబడతాది, కానీ ఆ పెంచిందే ఇంకొంచెం అరగదీస్తాది. మళ్లీ పెంచాల. ఎంత పెంచితే అంత తొందరగా పోతాది. బాగయ్యే దారి లేదు.

"మరి అదే కాడ ఏంటికి ఆగుతాండాది?"

"ముందరంతా ఏముండాది? చీకటి. పోయే బండి ఏదన్నా ఉన్నా రెప్పపాటు, దానికి పని తక్కువ. బండి లైటు వచ్చి నిలబడితే బొమ్మంతా మారుతాది. ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు, కోర్లు అంటారు, అన్నీ ఒక్కసారి పని చెయ్యాల. తట్టుకోలేక పడిపోతాండాది."

"ఆ బొమ్మ?"

ఒక లెక్కల పరీక్ష పెట్టి చూపించినా. ఒకటే లెక్క రెండుసార్లు ఇస్తే రెండు జవాబులు వచ్చినాయి. మూడోసారి ఇంకొకటి. ప్రాసెసర్‌లో ఒక కోర్ పూర్తిగా తప్పులు చేస్తాండాది. లెక్క తప్పితే బొమ్మ సాగుతాది, ముక్కలైతాది, లేనిది వస్తాది. కాళ్లు పోయింది అట్లే, ఆ బొక్కలు వచ్చింది అట్లే.

ముబారక్ ఆ అంకెలు మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. పోయిన ప్రాణం కొంచెం తిరిగొచ్చినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

వీడియో నాకిచ్చిపో, నా కంప్యూటర్లో చేస్తానన్నా. ఎవరికీ చూపించనని ఎర్రన్నకు మాటిచ్చినానన్నాడు. సరేనని ఆ చెడిపోయిన కోర్ ఆపేసినా. ఓవర్‌క్లాక్ తీసేసినా. కంపెనీ పెట్టిన వేగానికి కూడా అది నిలబడలేదు. ఇంకా తగ్గించి, తగ్గించి, ముసలెద్దు నడక కాడికి తెస్తే అప్పుడు తప్పులు ఆగినాయి.

"నాలుగు దినాలు పడుతుంది. నడవనీ. మళ్లీ పెంచొద్దు" అని చెప్పి పంపించినా.

నాలుగో దినం పగలు పన్నెండుకు పని పూర్తయింది. ముబారక్ ఒక్కడే ఉన్నాడు. తలుపు దగ్గరేసి చూసినాడు.

పదకొండూ యాభై రెండు. లారీ లైటు. అది పోయినాక రోడ్డు మీద మోటర్‌సైకిల్ పడి ఉండాది.

పన్నెండూ ఐదు. తెల్ల చొక్కా ఒకటి కదిలింది. రోడ్డు మీద నుంచి ఈడ్చుకుంటా, ఈడ్చుకుంటా... మోరీ గోడ కాడికి వచ్చి ఆనుకోని కూర్చుంది.

ఒక కారు వచ్చింది. తెల్ల చొక్కా చెయ్యెత్తింది. కారు స్లో అయింది... దాటి పోయింది.

ఇంకో బండి. చెయ్యి లేచింది. బండి పోయింది.

ఒక లారీ. చెయ్యి లేచింది. కిటికీలోంచి ఏదో ఎగిరి పడింది. లారీ పోయినాక ఆ తెల్ల చొక్కా పక్కకు ఒరిగి, మోచేతుల మీద పాకుతా పోయి దాన్ని అందుకుంది. నీళ్ల ప్యాకెట్టు.

ముబారక్ అప్పటికి ఏడుస్తాండాడంట. ఆ రాత్రి ఆ దారిన పోయిన ప్రతి ఒక్కడూ ఇంటికి పోయి తిమ్మమ్మను చూసినానని చెప్పి ఉంటాడు. బతికి బయటపడినానని దండం పెట్టుకోని ఉంటాడు. కంట పడింది ఆ పిల్లోడు.

ఒంటిగంటా ఇరవై. ఊరి పక్క నుంచి ఒక లైటు. చిన్న బండి. అది దాటి పోలేదు. ఇరవై అడుగుల ఎడంలో ఆగింది. లైటు తెల్ల చొక్కా మీద పడింది. చెయ్యి లేచింది... దిగలేదు. గాలిలో అట్లే ఉంది.

బండి యాభై సెకండ్లు నిలబడింది. వెనక్కి తిరుక్కుని వచ్చిన దారినే పోయింది.

ఆ తర్వాత ఇంకా మూడు బండ్లు పోయినాయి. మూడూ పది తర్వాత చెయ్యి లేవలేదు.

తెరిచి పెట్టిన ఆ బొమ్మ ముందర ముబారక్ ఎంతసేపు కూర్చున్నాడో. తలుపు చప్పుడైంది. ఎర్రన్న. ముబారక్ గబుక్కున స్క్రీన్ ఆపినాడు.

ఎర్రన్న స్టూలు మీద కూర్చున్నాడు. ముబారక్ కండ్లు చూసినాడు. ముబారక్ ఏమీ చెప్పకముందే అడిగినాడు.

"టీవీఎస్ బండి వచ్చినాదా?"

ముబారక్ ఆపిన స్క్రీన్ పక్క చూసినాడు.

"ఒంటిగంటా ఇరవైకి వచ్చినాదా... వచ్చి ఆగినాదా?"

"ఎర్రన్నా..."

"పిల్లోడు పదకొండైనా రాలేదు. పన్నెండైనా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్లమ్మ బయమ్మ తట్టుకోలేక, పోయి చూసి రమ్మనింది. పోయినా. మోరీ కాడ తెల్లగా... చెయ్యెత్తినాది." ఎర్రన్న పొలం సంగతి చెప్పినట్టు చెప్తాండాడంట. "నాయనా... అని పిలిచినాదప్పా."

ముబారక్ తల వంచుకున్నాడు.

"అవి మన వాళ్ల గొంతుతో పిలుస్తాయని మా అమ్మ చెప్తాండె చిన్నప్పుడు. పలకగూడదని. పలికితే ఇంటిదాకా వస్తాయని. నేను పలకలేదు. ఇంటికి పోయి బయమ్మకు చెప్పినా... తిమ్మమ్మ మన విష్ణు గొంతుతో పిలిచిందే అని. ఆయమ్మ నాకు ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. తలుపులు మూసుకోని ఇద్దరం కూర్చున్నాం. పిల్లోడు వస్తాడని తెల్లవారేదాకా కూర్చున్నాం."

బయట ఎండ. రోడ్డు మీద ఆటో ఏదో పోయింది.

"పోయిన శుక్రవారం కనపడింది గదా నీకు. కాళ్లు లేవు, కండ్లు లేవు. నువ్వు కూడా చూసినావు." ఎర్రన్న ముందుకు వంగి ముబారక్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆడ ఉండింది అదేనా? నా పిల్లోడు అప్పటికే పోయినాడు గదా? పక్కన యాడో పోయి పడి ఉన్నాడు... ఆడ కూర్చోనుండింది అది. అంతే గదప్పా?"

 

"మిషన్ సరిగ్గా లేదన్నా" అన్నాడు ముబారక్. "తప్పులు చూపిస్తాండాది. ఇప్పుడు వచ్చింది కూడా నమ్మేదానికి లేదు. మళ్లీ పెట్టాల."

ఎర్రన్న చెయ్యి వదల్లేదు. "పెట్టు" అన్నాడు. "ఎన్ని దినాలైనా పెట్టు. మొదట చూపించిందే సరిగ్గా ఉండొచ్చు, చూడు."

ఆయన పోయినాక ముబారక్ ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నాకాడికి వచ్చినాడు. మాటిచ్చిన సంగతి పక్కన పెట్టినాడు. "నీకాడ మంచి మిషన్లు ఉన్నాయి గదా రామన్నా. దీని లెక్క తప్పని చూపించు. ఆ టీవీఎస్ లేదని చూపించు" అన్నాడు.

రెండు కొత్త కంప్యూటర్ల మీద నడిపినా. రెండింటికీ ఓవర్‌క్లాక్ లేదు, ఒక్క తప్పు రాలేదు. నేను తలుపులేసుకోని చూసినా. తెల్ల చొక్కా ఉండాది. టీవీఎస్ ఉండాది. యాభై సెకండ్లు ఉండాయి. చెయ్యి ఇంకా తేటగా కనపడింది, వేళ్లతో సహా.

మే నెలలో ముబారక్ ప్రాసెసర్ పూర్తిగా పోయింది. స్విచ్ వేస్తే లోపల ఫ్యాన్లు తిరుగుతాయి, చిన్న పచ్చలైటు వెలుగుతాది, అంతే. స్క్రీన్ మీద ఏమీ రాదు. వాడు నాకాడ ఇంకో కంప్యూటర్ తీసుకొని పెండ్లి పనులు దాంట్లో చేసుకుంటాండాడు. పాతది పారెయ్యలేదు. కిటికీ పక్క బల్ల మీద పెట్టుకున్నాడు.

శుక్రవారం శుక్రవారం ఎర్రన్న వస్తాడు. బండి చప్పుడు వినపడగానే ముబారక్ లేచి దాని స్విచ్ వేస్తాడు. ఫ్యాన్లు మొదలైతాయి. ఎర్రన్న వచ్చి స్టూలు దాని పక్కకు లాక్కోని కూర్చుంటాడు. చెయ్యి ఆ డబ్బా మీద పెట్టి చూస్తాడు, వెచ్చగా ఉండాదా అని.

"అయిందాప్పా?"

"ఇంకా నడుస్తాండాదన్నా."

ఎర్రన్న తల ఊపుతాడు. పొద్దుగూకేదాకా అట్లే కూర్చుంటాడు.